మూత తీయని గాజుబుడ్డి

పేపరు విప్పగానే ఎదురింటి అద్దంలోంచి ఎండ వచ్చి పెద్దాయన ముఖాన కొట్టింది.

ఇక ఊరుకోదలచుకోలేదాయన. కిటికీ దగ్గరికి వెళ్ళి గొంతెత్తాడు.

"ఏమయ్యా, ఆ అద్దం అటు తిప్పుతావా, నన్ను రమ్మంటావా?"

సందుకి అవతల, సరిగ్గా ఎదురు కిటికీలో, కుర్చీలు అల్లే మనిషి కూర్చుని ఉన్నాడు. నల్ల కళ్ళజోడు. ఒళ్ళో సగం అల్లిన కుర్చీ. చేతులు వైరు బిగిస్తున్నాయి, తల మాత్రం ఇటే ఉంది.

"తిప్పనండీ," అన్నాడు మర్యాదగానే.

"ఎందుకు తిప్పవు?"

"అద్దం నాది, కిటికీ నాది. ఎండంటారా, అది మీదీ కాదు, నాదీ కాదు."

"నువ్వు మాత్రం నల్లద్దాలు పెట్టుకుని దర్జాగా కూర్చుంటావు. పనిచేసుకునేవాడు పని వంక చూడాలి. పొద్దస్తమానం మా ఇంట్లోకి చూపేమిటి?"

"మీ ఇంట్లో చూడ్డానికి ఏముందండీ?"

అతను నవ్వాడు. పెద్దాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

లోపల్నుంచి కూతురు వచ్చింది. "పోనీ కర్టెన్ వేద్దాం నాన్నా."

"వేస్తే నా బుడ్డికి వెలుతురెక్కడిది?"

కిటికీ గట్టు మీద మైనంతో మూసిన గాజుబుడ్డి ఉంది. అందులో నీళ్ళు, గులకరాళ్ళు, కాస్త నాచు, బియ్యపు గింజల్లాంటి ఎర్రటి రొయ్యలు. మేత వెయ్యక్కర్లేదు, నీళ్ళు మార్చక్కర్లేదు. నాచు రొయ్యలకి గాలినిస్తుంది, రొయ్యలు నాచుకి ఎరువిస్తాయి.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పెద్దాయన గర్వంగా చెప్పే మాట ఒకటే. "దీనికి ఎవరి అవసరమూ లేదు."

అది ఆయన భార్య చేసింది. మూత బిగించే ముందు లోపలికి ఊపిరి ఊది, "నాచుకి ఫలహారం" అని నవ్వింది.

ఆమె పోయింది. ఆ ఊపిరి మాత్రం బుడ్డిలోనే ఉందని ఆయన నమ్మకం.

ఆ సాయంత్రమే ఎదురింటి యజమానికి ఫోన్ చేశాడు.

"ఆడపిల్ల తిరిగే ఇల్లండీ మాది. మీ గదిలో ఉండేవాడు అద్దం పెట్టి మరీ చూస్తున్నాడు."

కొన్నాళ్ళకే ఆ కిటికీ ఖాళీ అయింది. అద్దమూ పోయింది.

"పీడ విరగడైంది," అన్నాడు పెద్దాయన, తాపీగా పేపరు విప్పుతూ.

ఆ తృప్తి ఎంతో కాలం నిలవలేదు. నాచు పాలిపోయింది. గెంతులేసే రొయ్యలు అడుగుకి చేరి, కాళ్ళు కదపడానికి కూడా బద్ధకించాయి. దీపం పెట్టి చూశాడు. నీళ్ళు వేడెక్కి అవి ఇంకా డీలా పడ్డాయి.

"మూత తీద్దాం నాన్నా. తొట్టిలో వేస్తే బతుకుతాయి."

"తీయను."

"చచ్చిపోతాయి."

"మీ అమ్మ ఊపిరిని వీధిలోకి వదిలెయ్యమంటావా?"



మర్నాడు ఆయన పేపరు ముట్టుకోలేదు. బుడ్డి ముందు కూర్చుని ఎండ కోసం చూశాడు. పొద్దెక్కింది, పొద్దు వాలింది. ఎండ గట్టు మీదికి రానే లేదు. పక్కన లేచిన కొత్త మేడ దాన్ని ఎప్పుడో మింగేసింది. ఇన్నాళ్ళూ బుడ్డి మీద పడ్డ వెలుగు ఒక్కటే. తాను రోజూ తిట్టిపోసిన వెలుగు.

చెప్పులేసుకుని, మొదటిసారి సందు దాటి, ఎదురింటి మెట్లెక్కాడు. ఆ మనిషి ఎక్కడికెళ్ళాడో కనుక్కుని, కాళ్ళు పట్టుకునైనా సరే, అద్దం మళ్ళీ పెట్టించాలి.

గదిలో ఒకావిడ మిగిలిన వైరు కట్టలు మూట కడుతోంది.

"కుర్చీలల్లే ఆయన ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"మా తమ్ముడా? మా ఊరు తీసుకుపోయానండీ. ఇంక ఇటు రాడు. మీరెవరు?"

"ఎదురింటివాణ్ణి."

ఆమె చేతిలో కట్ట కింద పెట్టింది. "రొయ్యల అమ్మగారి భర్తా?"

పెద్దాయన తలూపాడు.

"ఆవిడ మావాడి దగ్గర కుర్చీలు అల్లించుకునేదిట. మేడ లేచాక బుడ్డికి ఎండ లేదని దిగులుపడితే, వీడు అద్దం పెట్టాడు. ఆవిడ మీ కిటికీలో నిలబడి కుడికి, ఎడమకి అని చెప్పి మరీ తిప్పించిందట. మీతో అనొద్దని మాట కూడా తీసుకుంది. దానంతట అదే బతుకుతోందని మీరు మురిసిపోతారటగా?"

"నేను తిట్టినప్పుడైనా చెప్పొచ్చుగా అమ్మా."

"నేనూ అదే అన్నాను. మనిషి పోతే మాట కూడా పోతుందా అక్కా అన్నాడు."

"మరి గదెందుకు వదిలాడు?"

"అద్దమైనా తియ్యి, గదైనా ఖాళీ చెయ్యి అన్నాడుట యజమాని. నా చేత్తో అద్దం తియ్యను, నేనే పోతానని మొండికేశాడు. మొండోడండీ, చిన్నప్పట్నుంచీ అంతే."

పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. సందు అవతల తన కుర్చీ, తన పేపరు, గట్టు మీద అరచేతిలో ఇమిడే బుడ్డి.

"పొద్దు కదిలేకొద్దీ అద్దం తిప్పాలి కదమ్మా. ఇంత దూరంనుంచి, అంత చిన్న బుడ్డి మీదికి, గురి తప్పకుండా ఎలా పంపేవాడు?"

"ఎండ ఈ కిటికీలో ఏ ఊచ మీదికొచ్చిందో అరచేత్తో తడిమి, ఆ వేడిని బట్టి తిప్పేవాడండీ," అందామె మూట ఎత్తుకుంటూ, "పుట్టుకతోనే చూపు లేదుగా వాడికి."