కుండ మీద జింకలు

"తిరిగే బల్ల మీద పెట్టి వేల ఏళ్ల నాటి కుండని ఫొటోల కోసం గిరగిరా తిప్పుతారా? ముట్టుకుంటే ఊరుకోను!" అంది మ్యూజియం మేడం.

"అయితే కుండ బదులు మీరు తిరగండి మరిదిగారూ," అంటూ వదిన తను చేసి తెచ్చిన ఆ బల్లకే చక్రాలు బిగించింది. కెమెరాతో సహా నన్నెక్కించి, ఒక్కో భంగిమలో వరసగా జింకలు గీసిన ఆ కుండ చుట్టూ తోసింది.

"వదినా, మెల్లగా! కళ్లు తిరుగుతున్నాయి!"

"తిరగనీండి. బటన్ మీంచి వేలు మాత్రం తియ్యకండి!"

త్రీడీ బొమ్మకి ఫొటోలు సరిపోతాయో లేదోనని కంప్యూటర్లో గబగబా తిప్పి చూశాం.

కుండ మీద జింక గెంతింది! కాళ్లు లేపి, గాల్లో తేలి, వాలి, మళ్లీ గెంతింది.

"మళ్లీ! మళ్లీ!" మేడం చప్పట్లు కొట్టింది. పరుగున వెళ్లి 'జింకల మంద' అన్న బోర్డు పీకేసింది.

"మంద కాదర్రా, ఉన్నది ఒక్కటే జింక!"