లా మోయా

సౌదీలో, జుబైల్‌లోని మా షెడ్డులో అల్యూమినియం పొడిని అచ్చులో అదిమి, కాల్చి, ప్రెస్సు కింద కొట్టి విమాన భాగాలు చేస్తారు. అంటుకున్న పొడి మీద నీళ్లు పడితే పేలుతుంది.

నిన్న అంటుకుంది. "లా మోయా!" అని అరబ్బు సూపర్‌వైజర్ అరిచాడు. కొత్తగా చేరిన గంగన్న బకెట్ నీళ్లతో ఉరికాడు.

"చెప్పినా వినలేదు, గాడిద," అన్నాడు సూపర్‌వైజర్, శవం పక్కనే. చదువుకున్న మేనేజర్లు తలూపారు.

ఫోన్లో గంగన్న భార్య లసుమవ్వ అడిగింది. "మాట వినకనే సచ్చిండంటున్నరు. నిజమేనా కాకా?"

మోయా అంటే నీళ్లని గంగన్నకు తెలుసు. అరబ్బీలో లా అంటే వద్దు. లేబర్ క్యాంపులో నేర్చిన హిందీలో లా అంటే తీసుకురా. పదేళ్లుగా మామీద అరుస్తున్న ఆ పెద్దమనిషికి 'వద్దు' అనే రెండక్షరాలు రాలేదు.

"విన్నడు బిడ్డా," అన్నాను. "విన్నట్టే చేసిండు."