వెచ్చని కారు

ఈస్టర్‌కి కొండమీది మా చెక్క ఇంటికి వెచ్చగా తీసుకెళ్తానని నా భార్య సోల్వికి మాటిచ్చాను. దారంతా వణికించాను. హీటర్ వేస్తే బ్యాటరీ అయిపోయి మా కరెంటు కారు సగం దారిలో ఆగిపోయేది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మా వీధికి మొదటి కరెంటు కారు నాది. వణకడం కూడా నాకు గొప్పే.

తిరిగొచ్చేసరికి పొరుగింటి ఒడ్వార్ గేటు దగ్గరున్నాడు.

"మీ ఆయన ఉపన్యాసాలు నాకెందుకు గానీ, నువ్వు చెప్పు సోల్వీ. లోపల వెచ్చగా ఉంటుందా?"

సోల్వి నీలిబారిన వేళ్లను జేబుల్లో దాచుకుంది. "ఉక్కపోసి చచ్చాననుకో!"

నేను తలూపాను.

ఒడ్వార్ అలాంటి కారే కొన్నాడు. చలికాలంలో, అందరిలాగే హీటర్ వేసుకుని కూతురితో బయలుదేరాడు. కారు మంచులో ఆగిపోయింది. అతని కూతురికి చలికి చచ్చుబడిన కాలివేళ్లు తీసేశారు.

ఇప్పుడు హీటర్ వేసినా ఆగని కొత్త రకాలొచ్చి, వీధంతా వెచ్చటి కరెంటు కార్లే. ఆ పిల్ల కుంటుతూ కనిపిస్తే నేను కిటికీ తెర దించేస్తాను.

ఆ రోజు నా పరువు కాపాడింది సోల్వి. ఇప్పటికీ నేను తప్పుపట్టేది సోల్వినే.