పక్కింటి కొలతలు

"పక్కింటాయనకి ఎనిమిది మీటర్ల లోతు పునాది సరిపోయినప్పుడు నాకెందుకు సరిపోదు?" అంది టైలరమ్మ, పునాది గొయ్యి పక్కన నడుం మీద చెయ్యేసుకుని.

ఇంజనీరు కుర్చీ కాలి కింద కాగితం మడిచి పెట్టి, అది కదలదని నమ్మకం కుదిరాకే కూర్చున్నాడు. నేల చదునుగా ఉన్నా సరే, ఆయనకదో అలవాటు. మేస్త్రీ ఇచ్చే టీ కూడా గ్లాసులో సగానికే పోయించుకుంటాడు.

"ఒకరి కొలతలతో ఇంకొకరికి చొక్కా కుడతారామ్మా మీరు?"

"కుట్టను. కానీ మీరన్నట్టు పద్నాలుగు మీటర్లు దించాలంటే పునాదికే రెండు నెలలు పోతాయి. ఆరు నెలల్లో నేను అద్దె షాపు ఖాళీ చేసి ఇక్కడికి రావాలి. మిషన్లు రోడ్డు మీద పెట్టుకుని కుట్టుకోమంటారా?"

ఇంజనీరు మట్టి పరీక్ష కాగితం విప్పాడు. "ఎనిమిది దగ్గర గట్టి పొర తగులుతుంది. దాని కింద పదమూడు దాకా మెత్తటి బంకమన్నే. ఆ తర్వాతే అసలు రాయి. పైపొరని చూసి రాయి తగిలిందని సంబరపడి భూమిలోకి దించే కాంక్రీటు పైల్స్ అక్కడే ఆపేస్తే, ఇల్లు మెల్లగా ఓ పక్కకి దిగిపోతుంది."

"మరి పక్కిల్లు పన్నెండేళ్ళుగా నిక్షేపంలా ఉందిగా?"

"వాడి సంగతి ఎత్తకండి. తన ఇంటికి తనే ప్లాను గీసుకున్నాడు. మట్టి పరీక్షకి బద్ధకం. పైగా తనకన్నీ తెలుసని పొగరు."

మేస్త్రీకి టీ పొలమారింది. టైలరమ్మకు ఒళ్ళు మండింది. పని తెలిసినవాడు పరాయివాణ్ణి ఇలా ఆడిపోసుకోడు, ఇది ఒట్టి కుళ్ళుబోతుతనం అనుకుంది. ఎనిమిదికి ఒప్పుకునే ఇంకో ఇంజనీరుని వెతుక్కోవాలని అక్కడికక్కడే తీర్మానించేసుకుంది.

"ఆయన్ని నేనింకా చూళ్ళేదు. ఇవాళే వెళ్ళి అడుగుతా."

"అడగండి," అన్నాడు ఇంజనీరు, గ్లాసులోకి చూస్తూ. "ఐదు దాటాక వెళ్ళండి."

ఐదున్నరకి ఆమె పక్కింటి మెట్లెక్కింది. తెల్లటి గోడలు, వరుసగా పూలకుండీలు. ఇల్లు చూడముచ్చటగా ఉంది. ఇక తను గెలిచినట్టే అనుకుంటూ బెల్లు నొక్కింది.

అప్పుడు వరండా కర్టెన్ కంటపడింది. పైన స్తంభాన్ని ఆనుకుని ఉన్న అంచు, కిందికొచ్చేసరికి రెండు వేళ్ళ దూరం జరిగింది. ఎవరు కుట్టారో ఇంత వంకరగా అనుకుని ఆమె వంగి చూసింది. ముప్ఫై ఏళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్న కన్ను. కుట్టులో తప్పు లేదు. కర్టెన్ నిటారుగానే వేలాడుతోంది. ఒరిగింది స్తంభం.

ఆమెకి తన ఆరు మిషన్లు, వాటి మీద బతికే ఆరు కుటుంబాలు కళ్ళ ముందు మెదిలాయి.

లోపల ఎవరో తలుపుని పైకెత్తి లాగుతున్నారు. రెండుసార్లు రాలేదు. మూడోసారి కిర్రుమంటూ కాస్త తెరుచుకుంది. సందులోంచి ఓ టేబులు, దాని కాలి కింద మడిచిన కాగితాలు కనిపించాయి.

తలుపు తీసింది ఇంజనీరే.