నీటికుక్కల లంక

మనుషుల చెవుల్లోనే ఆఫీసులు పెట్టేశాక, రాత్రీ పగలూ పిలిచే ఆ ఆఫీసు గొంతు వినబడని చోటు సముద్రం పక్కన నీటికుక్కల లంక ఒక్కటే మిగిలింది. జంతువులు బెదురుతాయని అక్కడ సిగ్నల్ ఆపేశారు. చూడాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి.

సౌదామినికి తొమ్మిదేళ్ళకు వంతొచ్చింది. కొత్త బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని మొగుడితో పడవ దిగింది. లంక చూపించే నూకరత్నం వాళ్ళని ఇసుకలో కూర్చోబెట్టి, "కదలకండి, నీటికుక్కలొచ్చే వేళయింది" అంది.

ఆ మాట పూర్తయ్యేలోగానే ఇద్దరూ ఒకరిమీదొకరు వాలి నిద్రపోయారు. నూకరత్నానికి ఒళ్ళు మండింది. ఎవరొచ్చినా ఇదే వరస. ఇరవై ఏళ్ళుగా ఆమె చెప్పిందంతా గురకలకే చెప్పింది.

నీటికుక్కలు పిల్లలతో సహా వచ్చి, సౌదామిని పాదాలు వాసన చూసి, నీళ్ళలోకి దిగిపోయాయి.

సాయంత్రం పడవ కూతకి లేచి సౌదామిని లబోదిబోమంది. "ఎందుకు లేపలేదండీ? తొమ్మిదేళ్ళు కాచుకున్నాం!"

"మూడుసార్లు లేపాను తల్లీ. 'ఇంకో అయిదు నిమిషాలే అమ్మా' అని అటు తిరిగి పడుకున్నావు."

అవతలి ఒడ్డుకి దిగబెట్టడం నూకరత్నం పనే కాబట్టి ఆమె కూడా పడవెక్కింది. కొంత దూరం పోయాక సౌదామిని మెల్లగా, "మళ్ళీ మా పేర్లు రాసుకోమ్మా" అంది.

"నీటికుక్కల కోసమేనా?"

సౌదామిని నవ్వి ఏదో చెప్పబోయింది. అంతలో పడవ పాయ మధ్యకొచ్చి, సిగ్నల్ అందే హద్దు దాటింది. ఆమె నడుం దానంతటదే నిటారైంది.

"ఆ సార్, లైన్లోనే ఉన్నాను సార్."