నాలుగో నిమిషంలో మాట

ఇళ్ళలో పాటల పెట్టెలన్నీ పాత రికార్డులను తమంతట తామే శుభ్రం చేసి, సమీక్ష కూడా చదివి వినిపించే రోజులవి. సలోమి పప్పులో రాళ్ళేరుకుంటూ, తొమ్మిదేళ్ళ కిందట పోయిన భర్త ఎబెనెజరు వాయించిన జాజ్ పియానో పెట్టమంది.

"ఒక్క దోషం లేని వాయింపు. అయిదుకు అయిదు," అంది పెట్టె, పాట మొదలుపెడుతూ.

"చూశావా వదినా, అన్నయ్యకి ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది," అంది ఆడపడుచు కెజియా, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

సలోమి బైబిల్లోంచి పచ్చబడ్డ పత్రిక ముక్క తీసింది. ఆ రికార్డు వచ్చిన కొత్తలో ఒక విమర్శకుడు ఎబెనెజరును చీల్చి చెండాడిన సమీక్ష అది. 'నాలుగో నిమిషంలో "అదీ!" అంటూ తన భుజాలు తానే చరుచుకున్నాడు. ఇంత అహంకారమా?'

"ఇంకా దాచావా దీన్ని? వాడి నోట్లో మన్నుపడ!"

"ఆ మాట ఆయన తనని అనుకున్నది కాదే, నన్ను అన్నది. స్టూడియోలో కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. పెళ్ళయిన ఆరేళ్ళకి మొదటిసారి నా పాదం ఆయన తాళానికి సరిగ్గా పడింది."

"మరి ఈ పెట్టెలో ఎప్పుడూ వినపడదేం?"

"మరకనుకుని పెట్టె తుడిచేసింది. అసలు టేపులు పెట్టెల కంపెనీవాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. ఇప్పుడా మాట మిగిలింది ఈ తిట్టులోనే."

కెజియా ఆ ముక్కని జాగ్రత్తగా మళ్ళీ బైబిల్లో పెట్టింది. సలోమి చేట పక్కన పెట్టి, పాదంతో నేల మీద తాళం వేయసాగింది. నాలుగో నిమిషం వచ్చింది. తాళం తప్పలేదు.

"అదీ!" అని ఎవరూ అనలేదు.