ఫ్యామిలీలో మొదటి అక్షరం

"కొరకండి తాతగారూ. గట్టిగా వద్దు, ఊరికే ఆనించండి," అంది వకానా, తన పై పళ్ళు కింది పెదవి మీద మోపి చూపిస్తూ.

కురమొతో తాత చేతి అద్దంలోకి చూసుకుంటూ గాలి వదిలాడు. అద్దం మీద ఆవిరి పట్టింది.

"హ్వామిలీ," అన్నాడు.

"మళ్ళీ కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదేశారు."

జపనీస్‌లో 'ఫు' అనడానికి రెండు పెదవులు దగ్గరకొస్తే చాలు. ఇంగ్లీషు 'ఫ' అలా ఊరుకోదు. పై పళ్ళు పెదవిని ముట్టుకోవాలి, ఆ సందులోంచి గాలి రాసుకుంటూ పోవాలి. వకానా కాలేజీలో ఇష్టంగా చదువుకున్నది ఇదే. పెళ్ళయ్యి ఒనోమిచి ఊరికి వచ్చాక, మెట్ల వీధిలోని ఈ ఇంటి మేడ గదిలో ఉచ్చారణ క్లాసు పెట్టింది. బోర్డుకు నీలం రంగు తనే వేసింది. ఇన్నాళ్ళకు దొరికిన మొదటి విద్యార్థి కురమొతో తాత. "పైకి వెళ్ళండి, మా ఆవిడ నేర్పిస్తుంది" అని భర్త షూగోనే పంపించాడు.

తాతకు కావలసింది ఒకే ఒక్క వాక్యం. ఆదివారం మనవరాలు మినోరి పెళ్ళి. పెళ్ళికొడుకు కెనడావాడు. "వెల్కమ్ టు అవర్ ఫ్యామిలీ, స్టీవెన్" అని తాత మైకులో చెప్పాలి. రెండు కుటుంబాలూ కలిసిన విందులో ఒకసారి ప్రయత్నించాడు. 'హ్వామిలీ'ని స్టీవెన్ వాళ్ళమ్మ 'హౌ మెనీ' అనుకుంది. పిల్లలు ఎంతమంది అని అడుగుతున్నాడనుకుని రెండు వేళ్ళు చూపించింది. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఈసారి కూడా నవ్వారంటే, పెళ్ళి మధ్యలోనే లేచి ఇంటికి పోతాను టీచరమ్మా," అన్నాడు. సరదాగా అన్నట్టే ఉంది కానీ, అద్దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

వకానా తనకు తెలిసిన ఉపాయాలన్నీ వాడింది. పెదవి ముందు పల్చటి కాగితం పెట్టి ఊదించింది. 'వ'కి గొంతు అదరాలని, 'ఫ'కి అదరకూడదని చెప్పి మెడ మీద వేళ్ళు పెట్టించింది. పళ్ళ వెనక నోరి అనే ఎండు సముద్రపు నాచు ముక్క అంటించుకోమని, 'ల' అన్నప్పుడు నాలుక దాన్ని తాకాలని చెబితే మాత్రం తాత ఒప్పుకోలేదు. అలాంటివి అంటుకుంటే ఊడిరావని కంగారుపడ్డాడు. ఆమె పెట్టిన బియ్యపు అప్పడం కూడా ముట్టుకోలేదు. మెత్తటి కేకు మాత్రం తిన్నాడు.

విచిత్రమేమిటంటే ఒకరోజు 'ఫ' చక్కగా వచ్చేది. ఆ రోజు 'స్టీవెన్'లో 'స' కెటిల్‌లా ఈల వేసేది. మర్నాటికి ఈల పోయి 'ఫ' మాయమయ్యేది. నాలుక తిరగనివాళ్ళు ఉంటారు గానీ, తిరిగిన నాలుక రాత్రికి రాత్రి వెనక్కి వెళ్ళడం వకానా ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రాత్రి భోజనం దగ్గర ఆ దిగులంతా షూగోకి చెప్పింది. అతను చాప్‌స్టిక్స్ పక్కన పెట్టేశాడు. పళ్ళు పెదవికి ఎక్కడ తగులుతున్నాయని అడిగాడు. లోపల తడిగా ఉండే చోటా, బయట పొడిగా ఉండే చోటా? ఈల వచ్చినప్పుడు గాలి మధ్యలోంచి పోతోందా, పక్కల నుంచా? వకానా ముఖం వెలిగిపోయింది. పెళ్ళాం చెప్పే 'ఫ' గురించి ఇంత శ్రద్ధగా వినే మొగుడు ఈ ఊళ్ళో ఇంకెవరికైనా ఉన్నాడా?

"నువ్వు కూడా నా క్లాసులో చేరిపో," అంది.

"ఫీజు ఎక్కువేమో," అని నవ్వి, అతను కింది గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి ఆకురాయి గరగర మొదలైంది. ఆ గదిలోకి వకానా ఎక్కువగా వెళ్ళదు. అక్కడి మైనం వాసన ఆమెకు ఇష్టమే గానీ, బల్ల మీద ఉన్నవన్నీ తనను చూసి నవ్వుతున్నట్టు అనిపిస్తుంది.

శనివారం ఆఖరి పాఠం. తాత మళ్ళీ కొవ్వొత్తే ఆర్పాడు. వకానాకు ఏడుపొచ్చినంత పనైంది. అతను లేచి, నోరు కడుక్కుని వస్తానని మెట్లు దిగాడు. పాఠం మధ్యలో అలా వెళ్ళడం అతనికి అలవాటే. ఈసారి రావడానికి కాస్త ఆలస్యమైంది. తిరిగొచ్చి అద్దం కూడా తీసుకోకుండా నిలబడ్డాడు.

"వెల్కమ్ టు అవర్ ఫ్యామిలీ, స్టీవెన్."

'ఫ' గాలిని రాసుకుంటూ మెత్తగా వచ్చింది. 'స' ఈల వేయలేదు. 'వ' అదిరింది.

"ఇంకోసారి," అంది వకానా, నమ్మలేక. మళ్ళీ అన్నాడు, మళ్ళీ మళ్ళీ అన్నాడు. అది అతని నోట్లో పుట్టి పెరిగిన మాటలా ఉంది. వకానా చప్పట్లు కొట్టి, ఒక్క పరుగున మెట్ల దగ్గరికి వెళ్ళి షూగోని పిలిచింది. తన మొదటి విద్యార్థి గెలిచాడని, అప్పుడు ఏ చోట పెదవి ముట్టుకోమందో, కాగితం ఎలా కదిలిందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. షూగో చేతులకు అంటిన తెల్లటి పొడి దులుపుకుంటూ పైకొచ్చాడు.  తాత నోటికేసే చూస్తున్నాడు.

తాత చెయ్యి చాచి పళ్ళెంలోంచి బియ్యపు అప్పడం తీసుకుని ఫటుక్కున కొరికాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు.

వకానాకు వంగి నమస్కరించి, మీ రుణం తీర్చుకోలేనన్నాడు. వీధిలోని ముసలివాళ్ళందరినీ తన వెంట తీసుకొస్తానన్నాడు. ఆ పైన షూగో వైపు తిరిగి, ఇంకాస్త లోతుగా వంగాడు.

"మీరు చేసిన పళ్ళు కుదిరాయి, మేస్త్రీ."